దేవుడి గడువు, షావుకారు గడువు: ముత్యాల తీరపు చరిత్ర

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఉన్న నేల మీద ఏడాదికి పడే వాన సగటున 100 మిల్లీమీటర్ల లోపే. కరువుకు పేరుబడ్డ అనంతపురం జిల్లాలోనే ఏటా సగటు 500 మిల్లీమీటర్లు దాటుతుంది. ఏడాది పొడవునా పారే నది ఈ దేశంలో ఒక్కటీ లేదు. చమురు దొరకక ముందు ఇక్కడి మనిషికి తిండి పెట్టినవి ఖర్జూరపు చెట్టు, ఒంటె, చేప, ముత్యం మాత్రమే. వీటిలో నగదు తెచ్చిపెట్టేది దాదాపుగా ముత్యమొక్కటే. బియ్యం, బట్ట, పడవ కట్టే టేకు కలప అన్నీ సముద్రం అవతలి నుంచి రావాలి. వాటి వెల చెల్లించడానికి నాలుగు నెలల ముత్యాల వేట ఫలించాలి.

వాన ఎప్పుడు పడుతుందో, ఏ చిప్పలో ముత్యం ఉంటుందో ఎవరికీ తెలియని చోట జీవనాధారం మొత్తం ఎదురుచూపు మీదే నడిచింది. ప్రతి ప్రాణికీ దక్కాల్సిన రిజ్క్, అంటే జీవనోపాధి, అల్లా ముందే రాసి ఉంచాడని, అది తన సమయానికి తప్పక చేరుతుందని ఇస్లాం బోధిస్తుంది. ఓర్పును సబ్ర్ అని, ప్రయత్నం చేసి ఫలితాన్ని దేవుడికి వదిలేయడాన్ని తవక్కుల్ అని అంటారు. ఒంటెను కట్టేసిన తర్వాతే దేవుడి మీద భారం వేయాలని చెప్పే హదీసు, అంటే ప్రవక్త వచనం, ముస్లిం లోకమంతటా తెలిసిందే. ఈ తీరపు జనం ఆ నమ్మకాన్ని చేతులు కట్టుకుని కూర్చోవడానికి వాడుకోలేదు. దాని చుట్టూ ఒక పంచాంగం, ఒక పని విధానం, ఒక పంపకం, ఒక న్యాయవ్యవస్థ ఏర్పరచుకున్నారు. అయితే ఆ ఏర్పాటు నడిచింది అప్పు మీద. అందుకే ఇక్కడి ముత్యాల చరిత్రలో దేవుడి గడువుతోపాటు షావుకారు గడువు కూడా కనిపిస్తుంది.

నక్షత్రం చెప్పిన కాలం

ఈ తీరంలో ఏడాది సుహైల్ నక్షత్రం ఉదయంతో మొదలవుతుంది. ఆగస్టు 24 ప్రాంతంలో తెల్లవారుజామున దక్షిణ దిక్కున దిగంతానికి కాస్త పైన ఈ నక్షత్రం కనిపిస్తుంది. అది కనిపిస్తే మండువేసవి ముగింపుకు వచ్చిందని గుర్తు. అక్కడి నుంచి రోజులను పదేసిగా లెక్కపెట్టే పద్ధతిని దురూర్ అంటారు. ఏ పదిలో ఏ గాలి వీస్తుంది, ఏ చేప దొరుకుతుంది, ఖర్జూరపు చెట్టుకు ఎప్పుడు పరాగం పట్టించాలి, పడవను ఎప్పుడు ఒడ్డుకు లాగాలి అన్నవి ఈ లెక్కలోనే ఉండేవి. తెలుగు రైతు కార్తెల లెక్కతో విత్తనం వేసినట్టే అరబ్బు జాలరి దురూర్ లెక్కతో వల వేశాడు. సుహైల్ తెలుగువారికి కొత్త నక్షత్రం కాదు. అగస్త్య నక్షత్రమని పిలిచేది దీన్నే. అది ఉదయిస్తే వానాకాలపు బురదనీళ్లు తేటపడతాయని మన పెద్దలు చెప్పుకొనేవారు.

ముత్యం పుట్టుక గురించి కూడా రెండు తీరాల నమ్మకం ఒక్కటే. స్వాతి కార్తెలో పడిన చినుకు చిప్ప నోట్లో చేరి ముత్యమవుతుందని తెలుగునాట అంటారు. చిప్పలు నీటిపైకి తేలి వానచినుకును అందుకుంటాయని, వాన బాగా పడిన ఏడు ముత్యాలూ బాగా పండుతాయని గల్ఫ్ జాలర్లు నమ్మేవారు. చిప్పలోకి చేరిన పరాయి పదార్థం చుట్టూ ఆ జీవి పొరలు పొరలుగా పోసుకునే ద్రవం గట్టిపడి ముత్యమవుతుందని శాస్త్రం చెబుతుంది. వానకూ దానికీ సంబంధం లేదు. అయినా ఆ నమ్మకంలో జనం మనసు తెలుస్తుంది: నేల మీది కరువు, సముద్రంలోని కరువు రెండూ ఒకే చేతి నుంచి తీరాలి.

ఎడారిలోని కుటుంబాలకూ ఈ కాలచక్రంలో చోటుంది. అబూదాబికి దక్షిణాన ఇసుక దిబ్బల మధ్య ఉన్న లివా ఒయాసిస్‌లో బనీ యాస్ తెగవారికి ఖర్జూరపు తోటలుండేవి. వేసవి రాగానే మగవాళ్లు చాలామంది తోటలను ఇంటివారికి అప్పగించి తీరానికి వచ్చి పడవలెక్కేవారు. వేట ముగిశాక లివాకు తిరిగి వెళ్లి చలికాలమంతా ఒంటెలు మేపుకునేవారు. తీరంలోని కుటుంబాలు దీనికి ఎదురు దారి పట్టేవి. ఎండలు ముదిరే వేళకు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఒంటెల మీద అల్ ఐన్, లివా, రస్ అల్ ఖైమా తోటలకు చేరి ఖర్జూరాలు కోతకొచ్చేదాకా అక్కడే ఉండేవారు. ఒకే మనిషి ఏడాదిలో గజ ఈతగాడు, ఒంటె కాపరి, తోట రైతు కావడం ఇక్కడ మామూలు విషయం. ఏ ఒక్క పనీ పన్నెండు నెలలు కడుపు నింపదు కాబట్టి అన్నీ నేర్చుకోక తప్పలేదు.

వేల ఏళ్ల వృత్తి, ఒక రుతువు కోసం శాంతి

ఈ వృత్తి ఎంత పాతదో తవ్వకాలు తేల్చాయి. ఉమ్ అల్ ఖువైన్‌లోని రాతియుగపు సమాధుల దగ్గర దాదాపు 7,500 ఏళ్ల నాటి ముత్యం దొరికింది. అబూదాబికి చెందిన మరావా దీవిలో దొరికిన మరో ముత్యం దాదాపు 8,000 ఏళ్ల నాటిదని 2019లో ప్రకటించారు. 14వ శతాబ్దంలో ఈ సముద్రం మీదుగా వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ముత్యాల వేటను వర్ణించాడు. మునిగేవారిలో ఎక్కువమంది వర్తకులకు బాకీపడి ఉన్నారని, దొరికిన ముత్యాలు ఆ బాకీ కిందే పోతున్నాయని ఆనాడే రాశాడు. 1580లో ముత్యాల కోసం ఇటు వచ్చిన వెనిస్ నగల వ్యాపారి గాస్పారో బాల్బి ఈ తీరంలోని ఊళ్ల పేర్లు నమోదు చేశాడు. వాటిలో దుబాయ్ కూడా ఉంది.

19వ శతాబ్దం ఆరంభంలో ఈ తీరపు తెగల మధ్య సముద్రం మీద పోరు తెగేది కాదు. ఒక తెగ పడవ కనిపిస్తే మరో తెగ దాడి చేసేది. యుద్ధమైతే వేట ఆగిపోతుంది, వేట ఆగితే ఏడాదంతా పస్తులే. 1835లో బ్రిటిష్ వారి మధ్యవర్తిత్వంలో షేక్‌లు, అంటే తెగల పాలకులు, చేసుకున్న ఒప్పందం అందుకే ముత్యాల కాలానికి పరిమితమైంది. వేట సాగే నెలల్లో సముద్రం మీద ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకూడదన్నది దాని సారం. ఏటా దాన్ని పొడిగించుకుంటూ వచ్చి, 1843లో పదేళ్లకు, 1853లో శాశ్వతంగా ఖరారు చేశారు. బ్రిటిష్ వారు ఈ ప్రాంతాన్ని ట్రూషియల్ తీరం, అంటే సంధి తీరం, అని పిలవడానికి కారణం ఈ ఒప్పందాలే. ముత్యాలుండే సముద్రపు మేటలు ఏ ఒక్కరి సొత్తూ కావని, గల్ఫ్ అరబ్బులందరికీ ఉమ్మడి అని ఒప్పుకోవడం ఈ ఏర్పాటుకు పునాది.

20వ శతాబ్దపు మొదటి దశాబ్దంలో బ్రిటిష్ అధికారి లోరిమర్ కూర్చిన గెజిటీర్ లెక్క ప్రకారం ట్రూషియల్ తీరం నుంచి 1,200కు పైగా పడవలు, 22,000 మంది దాకా మనుషులు వేటకు వెళ్లేవారు. జనాభా ఏపాటీ లేని తీరంలో ఇది పెద్ద సంఖ్య. పని చేయగల మగవాళ్లలో ఊళ్లో మిగిలేది కొద్దిమందే.

సముద్రం మీద నాలుగు నెలలు

వసంతంలో నీళ్లు ఇంకా చల్లగా ఉండగా దగ్గరలోని మేటల మీద చిన్న వేట ఒకటి జరిగేది. అసలు వేట, ఘౌస్ అల్ కబీర్, జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా నాలుగు నెలలు సాగేది. పడవలన్నీ బయలుదేరే రోజును, తిరిగి వచ్చే రోజును ఊరి పాలకుడు నిర్ణయించేవాడు. ముగింపు రోజును కఫ్ఫాల్ అంటారు. ఆ గుర్తు అందిన తర్వాతే పడవలు ఒడ్డుకు మళ్లేవి.

పడవకు పెద్ద నాఖుదా, మన తీరంలో సరంగు లాంటివాడు. నీళ్లలో మునిగేవాడు ఘైస్. పైనుంచి తాడు పట్టుకుని అతన్ని లాగేవాడు సైబ్. మునిగినవాడి ప్రాణం లాగేవాడి చేతిలో ఉంటుంది కాబట్టి ఇద్దరూ జోడీగా పనిచేసేవారు. పని నేర్చుకునే కుర్రాడు రదీఫ్, ఇంకా చిన్నవాడు తబ్బాబ్. తెడ్డు వేయడానికి, లంగరు ఎత్తడానికి, తాడు లాగడానికి ఊపు తెప్పించే పాటగాడు నహ్హామ్. పెద్ద పడవల్లో అతనికి వేరే పని ఉండేది కాదు. అతని పాటల్లో దైవస్తుతి, ఇంటి మీద బెంగ, అలసట కలిసి ఉండేవి.

ఉదయం నమాజు కాగానే పని మొదలు. కాసిని ఖర్జూరాలు, కాఫీ తప్ప పగలు వేరే తిండి లేదు. కడుపు నిండితే ఊపిరి నిలవదు. ఘైస్ ముక్కుకు తాబేటి చిప్పతోనో కొమ్ముతోనో చేసిన ఫితామ్ అనే పట్టీ పెట్టుకుని, వేళ్లకు తోలు తొడుగులు వేసుకుని, మెడలో దయ్యిన్ అనే అల్లిక బుట్ట తగిలించుకుని, కాలికి రాయి కట్టిన తాడుతో కిందికి దిగేవాడు. ఊపిరి బిగపట్టి నిమిషం, నిమిషమున్నర లోపు చిప్పలు ఏరి తాడు కదిపితే సైబ్ పైకి లాగేవాడు. రోజుకు యాభై సార్లయినా ఇలా మునగాలి. చెవిపొరలు పగలడం, కంటిచూపు మందగించడం, చర్మం పుండ్లు పడటం ఈ పనిలో తప్పనివి. జెల్లీచేపల కాలంలో ఒళ్లంతా కప్పే నూలు దుస్తులు వేసుకునేవారు. రాత్రికి అన్నం, చేప.

ఏరిన చిప్పలను ఎవరివి వారు దాచుకునే పద్ధతి లేదు. అందరివీ కలిపి ఒకే కుప్పగా పోసి మర్నాడు ఉదయం నాఖుదా ఎదుట తెరిచేవారు. ఏ చిప్ప ఎవరు తెచ్చారో అప్పటికి తెలిసే వీలుండదు. కాబట్టి అదృష్టం పడవ మొత్తానిది, ఏ ఒక్కరిదీ కాదు. వందల చిప్పలు కోసినా పనికొచ్చే ముత్యం దొరకని రోజులే ఎక్కువ. అన్నిటికన్నా పెద్దదీ మేలైనదీ అయిన ముత్యాన్ని దానా అనేవారు. జీవితమంతా మునిగినా దానా కంటపడని ఘైస్‌లు ఎందరో. అయినా ఏ ఉదయమైనా దొరకవచ్చన్న ఆశతోనే చిప్ప తెరిచేవారు. ఈ వృత్తిలో తవక్కుల్ రోజూ వాడే పనిముట్టు లాంటిది.

ఒడ్డున మిగిలినవారు

నాలుగు నెలలు ఊరు ఆడవాళ్లదే. వాళ్లే బావుల నుంచి నీళ్లు మోసేవారు, మేకలను సాకేవారు, తోటలకు వలస వెళ్లి ఖర్జూరం కోత చూసుకునేవారు, బట్ట నేసేవారు, పిల్లల జబ్బులకు మందు చేసేవారు. సముద్రం నుంచి కబురు రావడానికి మార్గం దాదాపు లేదు. మేటల దగ్గరికి వెళ్లి ముత్యాలు కొనే తవ్వాష్ అనే వర్తకుడు తిరిగొస్తేనే ఎవరు బతికున్నారో, ఏ పడవకు అచ్చొచ్చిందో తెలిసేది. కాలం గడిచేకొద్దీ సరుకుల కొట్టులో అప్పు దొరకడమూ కష్టమయ్యేది.

వేట ముగిసే రోజులు దగ్గరపడితే గల్ఫ్ తీరపు ఊళ్లలో ఆడవాళ్లు గుంపుగా సముద్రానికి వెళ్లేవారు. మండుతున్న ఖర్జూరపు మట్టను అలల్లో ముంచి, ఇన్నాళ్లూ మావాళ్లను ఉంచుకున్నావు, ఇక పశ్చాత్తాపపడి వదిలిపెట్టు అని సముద్రాన్ని మందలించే పాటలు పాడేవారు. ఇది మతం విధించిన ఆచారం కాదు. దేవుడికి ప్రార్థన, సముద్రానికి మందలింపు పక్కపక్కనే నడిచాయి. ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదని ఆ ఊళ్ల ఆడవాళ్లకు తెలుసు.

అప్పుల పుస్తకం

వేటకు బయలుదేరేముందు ఘైస్ ఇంటికి నాలుగు నెలల తిండి సమకూర్చాలి. అందుకు నాఖుదా సలఫ్ అనే ముందస్తు బాకీ ఇచ్చేవాడు. వేట ముగిశాక చలికాలం గడవడానికి తిస్కామ్ అనే మరో బాకీ ఇచ్చేవాడు. నాఖుదాకు ఆ డబ్బు, బియ్యం, తాళ్లు, తెరచాపలు ఇచ్చేది ఊరి వర్తకుడు. ఆ వర్తకుడికి వెనుక బొంబాయి పెట్టుబడి ఉండేది. ముత్యాలు అమ్మిన సొమ్ములో తిండి ఖర్చులు, పడవ వాటా తీసేసి మిగిలింది పంచేవారు. ఘైస్‌కు మూడు పాళ్లు, సైబ్‌కు రెండు, రదీఫ్‌కు ఒకటి అన్నది సాధారణ లెక్క. కాగితం మీద న్యాయంగా కనిపించే పంపకమే. కానీ పాలు చేతికొచ్చేలోపే బాకీ కింద జమ అయ్యేది.

ఇస్లాం వడ్డీని నిషేధించింది. వర్తకుడు వడ్డీ పేరు ఎత్తకుండానే లాభం చూసుకునే దారులు వెతికాడు. అరువు సరుకుకు ఎక్కువ ధర వేసేవాడు. అప్పు ఉన్న నాఖుదా ముత్యాలను తనకే, బజారు ధర కన్నా తక్కువకు అమ్మాలని షరతు పెట్టేవాడు. లెక్కలు వర్తకుడి పుస్తకంలో ఉండేవి. ఘైస్‌కు చదువు రాదు. తండ్రి చనిపోతే బాకీ కొడుక్కో తమ్ముడికో సంక్రమించి, వాళ్లు అదే పడవలో మునగాల్సి వచ్చేది. బాకీ తీరందే మరో నాఖుదా దగ్గర చేరడానికి వీల్లేదు. పారిపోయే దారి కూడా మూసేశారు. ఒకరి ఊరి నుంచి పారిపోయిన బాకీదారులను మరొకరు దాచకూడదని 1879లో ట్రూషియల్ షేక్‌లు ఒప్పందం చేసుకున్నారు.

ఈ తగాదాలు తీర్చడానికి సాలిఫత్ అల్ ఘౌస్ అనే పంచాయతీ ఉండేది. వృత్తిలో తలపండిన పెద్దలు అక్కడ కూర్చుని వాటాలు, బాకీలు, నష్టాల మీద తీర్పులు చెప్పేవారు. అది చాలా తగాదాలను కత్తుల దాకా పోకుండా ఆపింది. కానీ తీర్పరులు వృత్తి పెద్దలలోంచి, అంటే తరచు పెట్టుబడి పెట్టినవారి వర్గంలోంచే వచ్చేవారు. వీటన్నిటికీ అడుగున మరో మెట్టు ఉంది. మునిగేవారిలో తూర్పు ఆఫ్రికా నుంచి, బలూచిస్తాన్ నుంచి తెచ్చిన బానిసలూ ఉండేవారు. వాళ్ల పాలు యజమానికి పోయేది. 1920ల్లో, 1930ల్లో షార్జాలోని బ్రిటిష్ ఏజెన్సీకి పారిపోయి వచ్చి విముక్తి పత్రం అడిగినవారి అర్జీలు నేటికీ దస్తావేజుల్లో ఉన్నాయి. ఓర్చుకోమన్న మాట యజమాని నోట వచ్చినప్పుడు దానికి వేరే అర్థం ఉండేది.

బొంబాయి, హైదరాబాద్ దారి

ఈ ముత్యాల్లో ఎక్కువ భాగం చేరేది బొంబాయికే. అక్కడ జల్లెడ పట్టి, రంగు, గుండ్రదనం చూసి వేరుచేసి, తొలిచి దండలు గుచ్చి ప్యారిస్‌కూ లండన్‌కూ పంపేవారు. విలువ కట్టడానికి గల్ఫ్ వర్తకులు వాడిన చౌ అనే కొలమానం భారతదేశపు వర్తకం నుంచి వచ్చిందే. సింధ్, కచ్ ప్రాంతాల బనియాలు దుబాయ్‌లో, అబూదాబిలో కొట్లు పెట్టుకుని బియ్యం అమ్మి ముత్యాలు కొనేవారు. చలామణీలో ఉన్నది భారత రూపాయి. 1959లో దాని స్థానంలో రిజర్వు బ్యాంకే గల్ఫ్ రూపాయిని విడిగా అచ్చువేసింది. 1966 దాకా ఇక్కడ అదే నడిచింది.

నిజాముల హైదరాబాదుకు చేరిన గల్ఫ్ ముత్యాలను బస్రా ముత్యాలన్నారు. అవి బస్రాలో పుట్టినవి కావు. గల్ఫ్ మేటల్లో ఏరినవాటికి బజారు పెట్టిన పేరది. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ ముత్యాల బజారుకు ఆ పేరు ప్రతిష్ఠ తెచ్చింది. నవాబుల మెడలో వేలాడిన సరాల వెనుక ట్రూషియల్ తీరపు ఘైస్‌ల ఊపిరి కూడా ఉంది.

పొంగిన ఏడు, ఎండిన దశాబ్దాలు

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ముత్యం ధర ఆకాశాన్నంటింది. 1912ను గల్ఫ్ అంతటా పొంగిపొర్లిన ఏడుగా చెప్పుకున్నారు. 1917లో న్యూయార్క్‌లో కార్టియర్ సంస్థ 10 లక్షల డాలర్ల వెల కట్టిన రెండు పేటల ముత్యాల హారమిచ్చి ఫిఫ్త్ ఎవెన్యూలోని భవనాన్ని సొంతం చేసుకుంది. దుబాయ్‌లో ముత్యాల వర్తకుడు అహ్మద్ బిన్ దల్మూక్ 1912 ప్రాంతంలో అల్ అహ్మదియా పాఠశాల నెలకొల్పాడు. ముత్యాల లాభం బడిగా మారిన సందర్భమది.

జపాన్‌లో మికిమొటో కొకిచి 1893లోనే చిప్పలో కృత్రిమంగా బీజం నాటి అర్ధగోళాకారపు ముత్యాన్ని పండించాడు. 1920ల తొలినాళ్లకు గుండ్రని పెంపుడు ముత్యాలు యూరప్ బజారుకు వచ్చాయి. చూపుకు తేడా తెలియదు, ధర చాలా తక్కువ. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం విలాస వస్తువులు కొనేవారిని కూడా లేకుండా చేసింది. బొంబాయి వర్తకుడు కొనడం మానేశాడు, దుబాయ్ వర్తకుడు అప్పు ఇవ్వడం మానేశాడు, నాఖుదా పడవను ఒడ్డుకు లాగేశాడు. అల్ అహ్మదియా పాఠశాల కూడా 1930ల తొలినాళ్లలో మూతపడి కొన్నేళ్లకు గానీ తెరుచుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడల రాకపోకలు తగ్గి బియ్యం, చక్కెర రేషన్ మీద ఇచ్చే పరిస్థితి వచ్చింది. ఆ రోజుల ఆకలిని ముసలివాళ్లు తర్వాతి తరాలకు కథలుగా చెప్పారు.

ఈ కాలంలో జనం రెండు పనులు చేశారు. ఒకటి, ఉన్నదాన్ని పంచుకుని ఓర్చుకోవడం. రెండు, కదలడం. చమురు బహ్రెయిన్‌లో 1932లో, కువైట్‌లో, సౌదీ అరేబియాలో 1938లో బయటపడింది. ట్రూషియల్ తీరపు మగవాళ్లు అక్కడికి కూలికి వెళ్లారు. ఈనాడు లక్షలమంది వలస కార్మికులు వచ్చే దేశం ఆనాడు కూలీలను పంపిన దేశం.

మునిగి చూసి, తవ్వి చూసి

ఈ తీరంలోనూ చమురు ఉండవచ్చన్న ఆశ అప్పటికే పుట్టింది. అన్వేషణ హక్కులను 1937లో దుబాయ్, 1939 జనవరిలో అబూదాబి విదేశీ కంపెనీకి ఇచ్చాయి. అబూదాబి ఒప్పందం గడువు 75 ఏళ్లు. యుద్ధం రావడంతో పని ఆగింది. 1950లో అబూదాబికి తూర్పున రస్ సద్ర్ దగ్గర తీరపు మొట్టమొదటి చమురు బావి తవ్వడం మొదలుపెట్టారు. దాదాపు 4,000 మీటర్ల లోతుకు వెళ్లినా చుక్క పడలేదు. 1951లో వదిలేశారు. 1954లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో కలిప్సో నౌకలో వచ్చి, మనుషులను నీళ్లలోకి దింపి సముద్రగర్భపు రాళ్ల నమూనాలు సేకరించాడు. ముత్యాల కోసం తరతరాలు మునిగిన సముద్రంలో ఈసారి చమురు కోసం మునిగారు. 1958లో దాస్ దీవి దగ్గర ఉమ్ షైఫ్‌లో, 1960లో నేల మీద ముర్బాన్‌లో చమురు ఖాయమైంది. 1962లో దాస్ దీవి నుంచి మొదటి చమురు ఓడ కదిలింది. ముత్యాల బజారు కూలిన నాటి నుంచి లెక్కిస్తే మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

ఆ మధ్యకాలపు ఓర్పుకు మంచి ఉదాహరణ అల్ ఐన్‌లో ఉంది. 1946లో అక్కడ అబూదాబి పాలకుడి ప్రతినిధిగా నియమితుడైన షేక్ జాయెద్ చేతిలో డబ్బు లేదు. కొండ అడుగు నుంచి భూమి లోపలి కాలువల గుండా నీరు తెచ్చే ఫలజ్‌లు పూడిపోయి ఉన్నాయి. ఈ విద్య అక్కడ 3,000 ఏళ్ల నాటిది. ఆయన జనంతో కలిసి పాత ఫలజ్‌లను పూడిక తీయించి, అల్ సరూజ్ అనే కొత్తదాన్ని మొదలుపెట్టాడు. అది పూర్తికావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. నీటిని కొనుక్కునే పద్ధతి తీసేసి అందరికీ ఉచితంగా పారించాడు. 1966 ఆగస్టు 6న అబూదాబి పాలకుడయ్యాక, 1971 డిసెంబరు 2న ఏర్పడిన ఎమిరేట్స్ సమాఖ్యకు తొలి అధ్యక్షుడయ్యాక ఆయన చేసిన ఖర్చుకు చమురు డబ్బు ఉంది. అల్ ఐన్‌లో ఆయన దగ్గర ఉన్నవి పారలు, మనుషులు, సమయం.

నిలిచినవి, పోయినవి

డబ్బు వచ్చినా వాన పెరగలేదు. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలు, మేఘమథనం చేసే విమానాలు ఉన్న దేశంలో వానల కోసం సామూహిక ప్రార్థన, సలాత్ అల్ ఇస్తిస్కా, ఇప్పటికీ జరుగుతోంది. రెండు రకాతుల (ఆవృత్తుల) నమాజు చేసి, ఇమామ్ పైవస్త్రాన్ని తిరగేసి కప్పుకుంటాడు, పరిస్థితి కూడా అలాగే తిరగబడాలని. తెలుగు ఊళ్లలో వాన కోసం విరాటపర్వం చదివించడం, కప్పతల్లిని ఊరేగించడం లాంటిదే ఈ ఆచారం. దేశాధ్యక్షుడి పిలుపు మీద 2024 డిసెంబరు 7న అన్ని మసీదుల్లో ఈ ప్రార్థన చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 16న అల్ ఐన్ ప్రాంతంలోని ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసి, 1949 నుంచి ఉన్న రికార్డులన్నీ చెరిగిపోయాయి. వరద వచ్చిన ఏడే వాన కోసం ప్రార్థించాల్సి రావడం ఈ నేల తీరు.

ముత్యాల ఊళ్లు మాత్రం పోయాయి. రస్ అల్ ఖైమాలోని జజీరత్ అల్ హమ్రాను 1960ల చివర్లో జనం ఖాళీ చేశారు. పగడపు రాళ్ల ఇళ్లు, మసీదు, వర్తకుల మేడలు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. వృత్తిని కొత్తవారికి పరిచయం చేయడానికి ఏటా వేటల పోటీలు జరుగుతాయి. పాత బాకీల పుస్తకాలు మ్యూజియాల్లోకి చేరాయి.

అప్పు చేసి సముద్రం దాటి, బాకీ తీరేదాకా తిరిగి వెళ్లలేని మనిషి మాత్రం మ్యూజియంలోకి చేరలేదు. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ఊళ్ల నుంచి వచ్చిన తెలుగు కార్మికుల్లో చాలామంది ఏజెంటుకు ఇచ్చిన సొమ్ముకు వడ్డీ కడుతూ తొలి ఏళ్లు గడిపారు. జీతం బ్యాంకు ద్వారా పడేలా చేసే విధానాన్ని ఎమిరేట్స్ 2009లో తెచ్చింది. అంతకు చాలా ముందే, 1920ల్లో, బహ్రెయిన్‌లో ప్రతి ఘైస్‌కూ విడిగా లెక్క పుస్తకం ఉండాలని నిబంధన పెట్టినప్పుడు నాఖుదాల పట్టు కొంత సడలింది. ఆ సంస్కరణ ట్రూషియల్ తీరానికి ఆ స్థాయిలో రాలేదు.

ఈ చరిత్రలో రెండు రకాల లేమి ఉంది. వాన రాకపోవడం, చిప్పలో ముత్యం లేకపోవడం, బావిలో చమురు పడకపోవడం మనిషి చేతిలో లేనివి. వాటిని ఓర్చుకుంటూ ప్రయత్నం మానకుండా ఉండటానికి ఈ తీరపు జనానికి దైవం మీద నమ్మకం నిజంగా పనికొచ్చింది. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకోవడం, లెక్క చూడనివ్వకపోవడం, బానిస పాలు యజమాని తీసుకోవడం మనుషులు రాసుకున్న షరతులు. వాటిని ఓర్పు మార్చలేదు, నిబంధనలు మార్చాయి. మొదటి రకం లేమికి ఎదురుచూపు సరైన జవాబే. రెండోదాన్ని దేవుడి నిర్ణయమని చెప్పడం షావుకారుకు మేలు చేసిందే తప్ప మునిగినవాడికి కాదు.